రెండో కెమెరా పెళ్లి

అక్క సూట్‌కేసు సర్దుకుంటుంటే చెల్లెలు గుమ్మానికి ఆనుకుని నిలబడి, లోపలికి వెళ్తున్న బట్టల జతలు లెక్కపెట్టింది. పదమూడో జత దగ్గర ఇక ఉండబట్టలేకపోయింది.

"పది రోజులకి పదమూడు జతలెందుకక్కా?"

"ఒకటి వానకి తడుస్తుంది. ఒకటి నేను పులుసు ఒంపుకుంటాను. ఒకటి సిగ్గుకి."

"యాభై ఎనిమిదేళ్లకి సిగ్గుకి విడిగా ఒక జతా?"

"ఇంతకాలం వాడలేదు కదే. మడత నలగకుండా అలాగే ఉంది."

చెల్లెలు నవ్వలేదు. మామూలుగా అయితే ఇలాంటి మాటకి కడుపు పట్టుకుని మంచం మీద కూలబడేది. ఇప్పుడు మాత్రం ఆ పదమూడో జతనే చూస్తూ నిలబడింది. పది రోజులకి వెళ్లేవాళ్లు పది రోజులకి సరిపడా సర్దుకోవాలి. పదకొండు అంటే ఏదో జాగ్రత్త అనుకోవచ్చు. పదమూడుకి ఏ లెక్కా కుదరడం లేదు.

ఇద్దరూ ఉండేది తాళాల దుకాణం పైన రెండు గదుల్లో. పొద్దున తొమ్మిదింటికి కింద తాళంచెవులు అరగదీసే యంత్రం మొదలైతే పైన బల్ల మీద గ్లాసులు వాటంతటవే నడుస్తాయి. చెల్లెలికి యాభై రెండేళ్లు. ఊళ్లో అందరూ ఆమెను ఫొటోలమ్మ అంటారు. ఆమెకు స్టూడియో లేదు, బోర్డు లేదు, నెల తిరిగేసరికి జీతం ఇచ్చే యజమాని లేడు. ఎవరు పిలిస్తే వాళ్ల పెళ్లికి వెళ్తుంది. కొట్టంతా కుడి భుజానికి వేలాడుతుంటుంది కాబట్టి ఆ భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. తొమ్మిది వందల పెళ్లిళ్లను అంత దగ్గర నుంచి చూశాక, తనూ ఒకటి చేసుకునే ధైర్యం ఆమెకు చాల్లేదు.

అక్క ఆమెకు రెండో కెమెరా. ఇరవై రెండేళ్లుగా అదే పేరు. పెళ్లివాళ్లు ఫోన్ చేస్తే "నేనూ, రెండో కెమెరా వస్తాం" అనేది చెల్లెలు. అదేదో యంత్రం అనుకుని, గుమ్మంలో నుంచి ఒక లావుపాటి ఆడమనిషి దిగబడేసరికి కంగారుపడినవాళ్లు ఉన్నారు. మొదటి కెమెరా పని, ఇంటివాళ్లు పదిమందికి చూపించుకోవాలనుకునేవి తీయడం: పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వేదిక, పెద్దవాళ్లు వరసగా నిలబడి పళ్లు ఇకిలించడం. రెండో కెమెరా పని మిగతా లోకమంతా. భోజనాల బల్లల దగ్గర రెండోసారి క్యూలో నిలబడ్డ పెదనాన్న, కుర్చీల కింద నిద్రపోయిన పిల్లలు, బిగిసిన చెప్పులు విప్పి పాదాలు రుద్దుకుంటున్న పెళ్లికూతురి తల్లి, వీళ్లందరూ అక్క వాటా.

ఇంకో పని కూడా రెండో కెమెరాదే. పెళ్లికి వచ్చిన ముసలివాళ్లు ఒక్కొక్కరిదీ విడిగా ఒక ఫొటో తీయాలి. ఎవరూ అడగరు. కానీ రెండేళ్లకో నాలుగేళ్లకో ఫోన్ వస్తుంది: మా తాతగారిది మంచి ఫొటో ఏదైనా ఉందామ్మా, గోడకి పెట్టుకోవాలి. అప్పుడు గ్రూపు ఫొటోలో నుంచి తాతను కత్తిరిస్తే పక్కవాడి చెవి కూడా వస్తుంది. అందుకని అక్క ముందే జాగ్రత్తపడేది. ముసలాయన దగ్గరకి వెళ్లి "మీ కళ్లజోడు భలే ఉంది బాబాయ్" అని, ఆయన మురిసిపోయే లోపల పని కానిచ్చేది. ఆ ఫొటోలన్నీ కంప్యూటర్లో ఒక ఫోల్డరులో ఉంటాయి. దాని పేరు వెయిటింగ్ లిస్ట్. పేరు పెట్టింది అక్కే. ఆ ఫోల్డరు తెరిచి ఇద్దరూ నవ్వుకున్న నవ్వుకి ఏదో ఒక రోజు శిక్ష తప్పదని చెల్లెలికి భయం. అక్కకి ఆ భయమూ లేదు.

ఇక బ్యాటరీలు. పెళ్లికి ముందు రోజు బ్యాటరీలన్నీ ఛార్జింగు పెట్టి, రెండు కెమెరాల్లోనూ గడియారాలు సెకనుతో సహా సరిచేసి, బ్యాటరీలను ఒక ఎర్రటి గుడ్డసంచిలో వేసి నడుముకు కట్టుకునేది అక్క. పెళ్లి మధ్యలో చెల్లెలి కెమెరా ఊపిరి విడిచిందంటే, ఆమె కన్ను తిప్పకుండానే కుడిచెయ్యి వెనక్కి చాపేది. ఎక్కడి నుంచో ఒక చెయ్యి వచ్చి అందులో బ్యాటరీ పెట్టేది. ఇరవై రెండేళ్లలో ఆ చెయ్యి రాని రోజు లేదు.

అలాంటి రెండో కెమెరా పెళ్లి చేసుకుంటోంది. అదీ బ్యాండు మేష్టారిని.

మేష్టారిది క్లారినెట్. తొమ్మిది గంటల దూరంలోని ఊరు ఆయనది, కానీ పెళ్లిళ్ల సీజన్ అంతా ఇక్కడే మకాం. పెళ్లిళ్లలో అందరూ తిన్నాక, చివరి బల్ల దగ్గర ఫొటోలవాళ్లూ బ్యాండువాళ్లూ డ్రైవర్లూ కలిసి చల్లారిన అన్నం తింటారు. ఆ బల్ల దగ్గర ఎనిమిదేళ్లపాటు ఆయన అక్క కోసం ఒక కుర్చీ మీద తన టోపీ పెట్టి ఉంచాడు. ఎనిమిదో ఏట నోరు విప్పాడు.

"అందర్నీ తీస్తారు. నా ఫొటో ఒక్కటీ తీయరేం?"

"మీరు ఊదేటప్పుడు బుగ్గలు కప్పలా ఉంటాయి మేష్టారూ."

"ఊదనప్పుడు తీయొచ్చుగా."

"ఊదనప్పుడు ఎలా ఉంటారో నాకు తెలీదు."

"అది తెలుసుకోవాలంటే పెళ్లి చేసుకోవాలి మరి," అన్నాడాయన, పెరుగు కలుపుకుంటూ. అంతే. అక్క ఆ సంగతి చెల్లెలికి ఇంటికి వచ్చాక, సాక్సు విప్పుతూ చెప్పింది. ఒక సాక్సు విప్పడం, పెళ్లి చేసుకుంటానని చెప్పడం, రెండో సాక్సు విప్పడం.

ఒప్పందం ఏమిటంటే, శుక్రవారం పెళ్లి కాగానే ఇద్దరూ మేష్టారి ఊరు వెళ్తారు. అక్కడ ఆయన ఇల్లు ఖాళీ చేసి, ఎవరికైనా అద్దెకిచ్చి, పది రోజుల్లో ఇద్దరూ ఇక్కడికే వచ్చేస్తారు. తాళాల దుకాణం వెనక గది కూడా మాట్లాడి ఉంచారు. ఏప్రిల్ రెండు నుంచి వరసగా నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నారు. అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి. చెల్లెలికి మాత్రం ఆ పది రోజుల్లో మొదటిరోజే గొంతు దిగడం లేదు.

ఆమెకు వెళ్లేవాళ్లంటే భయం. ఎవరైనా చెప్పులు వేసుకుంటున్నా సరే, ఎప్పుడొస్తారని అడుగుతుంది. పెళ్లిళ్లలో కొత్త జంట కారెక్కి వెళ్లిపోయే ఫొటో ఊళ్లో మిగతా ఫొటోగ్రాఫర్లందరూ వెనక నుంచి తీస్తారు. కారు వెనక పూలు, అద్దంలో రెండు తలకాయలు, ఊపుతున్న చేతులు, దుమ్ము. ఆమె ఛస్తే అలా తీయదు. కారు కదిలే ముందే వీధి చివరి దాకా పరిగెత్తి, రోడ్డు మధ్యలో నిలబడి, ఎదురుగా వస్తున్న కారును ముందు నుంచి తీస్తుంది. ఫొటోలో వెళ్లేవాళ్లు మనవైపు వస్తున్నట్టు ఉండాలి. అదీ ఆమె పద్ధతి. దీనివల్ల రెండుసార్లు పాదం మీద నుంచి టైరు పోయింది. ఒకసారి పెళ్లికొడుకే బ్రేకు వేయబోయి ఆక్సిలరేటరు తొక్కితే పక్కన పూలకుండీల్లో పడింది. పడి కూడా ఫొటో తీసింది. ఆ జంట ఇప్పటికీ ఆ ఫొటోని చూపించి, ఇందులో మేమెందుకు అరుస్తున్నామంటే, అని మొదలుపెడతారు.

ఈ పద్ధతికి మూలం మొదటి బావ. అక్క మొదటి మొగుడు. పాతికేళ్ల కింద, చెల్లెలు కొత్త లెన్సు కొని, అది ఎలా పనిచేస్తుందో చూడాలని మేడ మీద నుంచి ఒక ఫొటో తీసింది. స్కూటర్ మీద పనికి వెళ్తున్న బావ వీపు. ఆయన పది గంటలకి వెళ్లాడు, పదకొండుకి లారీ కింద పడ్డాడు. లెన్సు మాత్రం బాగా పనిచేసింది. చొక్కా మీద ఇస్త్రీ మడతతో సహా వచ్చింది.

"ముందు నుంచి తీసినా పోయేవాడే," అని అక్క ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "లారీ వచ్చిందే ముందు నుంచి కదా."

చెల్లెలు వినలేదు.

*

సంతకాల ఆఫీసులో గుమాస్తా ఒక పాత బల్ల వెనక కూచుని ఉన్నాడు. గోడకు ఒక గడియారం, ఒక స్విచ్‌బోర్డు, ఎప్పుడో వాన కారిన మరక. మేష్టారు కొత్త కోటులో, ఊదే వాయిద్యం చేతిలో లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. బ్యాండువాళ్లు నలుగురు సాక్షులు. అక్క నీలం బట్టల్లో, పైన ఒక పెద్ద శాలువా కప్పుకుని వచ్చింది. చెల్లెలు కెమెరా పట్టుకుని బల్లకి ఎదురుగా నిలబడింది. మొట్టమొదటిసారి వెనక ఎవరూ లేరు. వీపు చల్లగా అనిపించింది.

"ఎడమకి జరుగు," అంది పెళ్లికూతురు.

"నాకు తెలుసులే."

"తెలిస్తే కిటికీ వెలుగు మేష్టారి బట్టతల మీద ఎందుకు పడుతోంది? జరుగు."

"అమ్మా, ఇక్కడ సంతకం," అన్నాడు గుమాస్తా.

"ఒక్క నిమిషం నాయనా. ఆ గడియారం ఫ్రేములోకి వస్తోంది చూడవే. మేష్టారూ, మీరు గడ్డం దించండి. అంత కాదు."

గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని చెల్లెలివైపు చూశాడు. "పెళ్లికూతురు మీరా, ఆవిడా?"

"ఆవిడే."

"మరి ఆవిడకి పెళ్లిమీద ధ్యాసే లేదు."

"ఉందండీ," అన్నాడు మేష్టారు సంజాయిషీగా. "పని అలవాటు."

సంతకం పెడుతూ కూడా అక్క ఒక చేత్తో కలం పట్టుకుని, ఇంకో చేత్తో ఫ్లాష్ వద్దని సైగ చేసింది. చెల్లెలు నొక్కిన ప్రతిసారీ అదే వరస. నోరు తెరిచి ఏదో పురమాయిస్తున్న అక్క, వేలు చూపిస్తున్న అక్క, పక్కకి తిరిగి సాక్షుల్ని పొడుగు వరసలో సర్దుతున్న అక్క. ఒక్కదాంట్లో కూడా ఆమె ఫొటోకి నిలబడలేదు. అన్నింట్లోనూ ఫొటో తీయిస్తోంది.

భోజనాలు పక్కనే ఉన్న చిన్న హాల్లో. మేష్టారూ, అక్కా, బ్యాండువాళ్లూ జీవితంలో మొదటిసారి మొదటి బల్ల దగ్గర కూచున్నారు. వడ్డించిన అన్నం పొగలు కక్కుతుంటే ఎవరికీ ఏం చేయాలో పాలుపోలేదు. డోలు వాయించే ఆయన మొదటి ముద్ద పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు.

"వేడన్నం మన ఒంటికి పడదు," అన్నాడు.

"కాసేపు ఆగు, మన లెవెలుకి చల్లారుతుంది," అన్నాడు మేష్టారు.

అన్నాలు అయ్యాక అక్క చెయ్యి కడుక్కుని వచ్చి, గోడ దగ్గర, స్విచ్‌బోర్డుకి ముందు కదలకుండా నిలబడింది. శాలువా సర్దుకుంది. జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

"ఒకటి తియ్యి."

"ఏంటి?"

"నన్నొక్కదాన్ని. ఇరవై రెండేళ్లలో నాది ఒక్క ఫొటో లేదు. మోచెయ్యి ఉంది, లైటు పట్టుకున్న వేళ్లున్నాయి, అద్దంలో సగం మొహం ఉంది. పూర్తిగా ఒకటి ఉండనీ."

ఒంటరి ఫొటోలు ఎందుకు తీస్తారో ఆ గదిలో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

"వద్దులే. మేష్టారితో కలిపి తీస్తా."

"మేష్టారితో చాలా తీశావు. అన్నింట్లోనూ నా నోరే కనిపిస్తోంది. వెయిటింగ్ లిస్టులో వెయ్యాల్సొస్తుందని భయమా నీకు? వెయ్యవే. యాభై ఎనిమిదేళ్లకి చోటు దొరకడమే గొప్ప."

"అక్కా, మంచిమాట మాట్లాడు."

"మంచిమాటే. తియ్యి. నవ్వుతున్నా చూడు."

నిజంగానే నవ్వుతోంది. ఏ పురమాయింపూ లేకుండా, చేతులు రెండూ కిందకి వదిలేసి, తిన్నగా కెమెరాలోకి చూస్తూ నిలబడింది. చెల్లెలు కెమెరా ఎత్తింది. తీయనంటే అక్క ఊరుకోదు. తీస్తే జాబితాలో పేరు రాసినట్టే. అందుకని ఇరవై రెండేళ్లలో ఎన్నడూ చేయని పని చేసింది. లెన్సు కొద్దిగా తిప్పి, ఫోకస్ అక్క మీద నుంచి వెనక గోడ మీదకి జరిపి, నొక్కింది.

"బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది."

*

కారు నాలుగింటికి ఇంటి ముందుకి వచ్చింది. బ్యాండువాళ్లు దానికి నాలుగు పూలగుత్తులు కట్టారు. ఒకటి వైపరుకి కట్టడంతో డ్రైవరు గొణిగాడు. చెల్లెలు అతన్ని పక్కకి పిలిచి పాఠం చెప్పింది.

"తిన్నగా వెళ్లు. వీధి చివర తపాలా పెట్టె ఉంది కదా, అక్కడ నడిరోడ్డు మీద నేనుంటా. నన్ను చూసి హడావుడి పడొద్దు. మెల్లగా నామీదకే రా."

"మీదకి రావడమేంటమ్మా?"

"అందరూ ఇలాగే అడుగుతారు. నువ్వు రా."

సూట్‌కేసు డిక్కీలోకి వెళ్లింది, పదమూడు జతలతో. అక్క చెల్లెలి రెండు చెవులూ పట్టుకుని దగ్గరకి లాక్కుంది. చిన్నప్పుడు తల దువ్వేటప్పుడు కదలకుండా అలాగే పట్టుకునేది.

"పది రోజులు. సరుకులు తెప్పించుకో. పాలు కాచి మర్చిపోకు. రెండో తారీఖు పెళ్లికి నా లెన్సు తుడిచి పెట్టు."

"ఇరవై నాలుగో తారీఖు పొద్దునా, సాయంత్రమా?"

"వచ్చేదాన్ని టైము కూడా చెప్పాలా? సాయంత్రం."

"మరదలుగారూ," అన్నాడు మేష్టారు వినయంగా, "మీ అక్కని మళ్లీ జాగ్రత్తగా అప్పజెప్తాను."

"సరే మేష్టారూ," అంది ఆమె. బావ అనలేదు. ఆ మాట ఒకాయన పట్టుకుపోయాడు.

ఆమె పరిగెత్తింది. మోకాళ్లు కిర్రుమన్నాయి. యాభై రెండేళ్ల మనిషి, మెడలో కెమెరా డొక్కల్ని బాదుతుంటే, తాళాల దుకాణం దాటి, దర్జీ కొట్టు దాటి, తపాలా పెట్టె దగ్గర నడిరోడ్డు మీద నిలబడి వెనక్కి తిరిగింది. కారు వస్తోంది. వైపరు పూలు ఊగుతున్నాయి. అద్దం వెనక అక్క మొహం గుండ్రంగా, స్పష్టంగా, ఆమెవైపే వస్తోంది. ఇంకా దగ్గరకి. ఇంకొంచెం. కన్ను కెమెరాకి ఆనించి నొక్కింది.

ఏమీ కాలేదు. చీకటి. బ్యాటరీ అయిపోయింది.

ఆమె కన్ను తిప్పకుండా కుడిచెయ్యి వెనక్కి చాపింది.

చెయ్యి రాలేదు. నడిరోడ్డు మీద, ఎవరూ లేని వైపుకి అరచెయ్యి చాపి, అలా నిలబడి ఉంది. దర్జీ కొట్టులో కుట్టుమిషను ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, తను బ్యాటరీల సంగతే తలచుకోలేదని. ఇరవై రెండేళ్లుగా తలచుకోవలసిన అవసరమే రాలేదు.

కారులో అక్క ఆ చాపిన చెయ్యి చూసింది. శాలువా పక్కకి లాగి నడుము తడుముకుంది. ఎర్రసంచి అక్కడే ఉంది. పొద్దున పెళ్లిబట్టలు కట్టుకుంటూ, అలవాటు కొద్దీ, ముందు రోజు ఛార్జి చేసిన బ్యాటరీలన్నీ అందులో వేసి నడుముకు కట్టుకుని, తన పెళ్లికి తానే రెండో కెమెరాగా బయలుదేరింది.

"ఆపు బాబూ," అంది డ్రైవరుతో.

"వెనక లారీ ఉందమ్మా."

లారీ పేరు వినగానే మేష్టారు "వద్దు, ఆపకు" అన్నాడు. కారు ఆగీ ఆగకుండా పాకింది. చెల్లెలు పక్కకి తప్పుకుంది. కిటికీలో నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది.

"ఇదిగో పట్టుకో, మొద్దూ."

"ఆగమను."

"ఆగడట. పరిగెత్తు."

చెల్లెలు కారు పక్కనే పరిగెత్తి, బ్యాటరీ అందుకుని, అడుగు తీసి అడుగు వేస్తూనే పాతది పీకి కొత్తది తోసింది. మూత పడింది. కెమెరా లేచింది. అప్పటికి కారు ఆమెను దాటిపోయింది. లారీ పక్క సందులోకి తిరిగి మాయమైంది, అదేదో ఈ ఒక్క పనికే వచ్చినట్టు. అక్క చెయ్యి ఇంకా కిటికీ బయటే ఉంది. అందులో రెండో బ్యాటరీ. ఒకటి ఇచ్చినప్పుడు రెండోది కూడా సిద్ధంగా పట్టుకోవడం రెండో కెమెరా పద్ధతి.

చెల్లెలు తీయకూడదనే అనుకుంది. కానీ వేలు అడిగి నొక్కదు. నొక్కేసింది.

వెనక నుంచి కారు. నాలుగు పూలగుత్తుల్లో కనిపించేవి రెండు. కిటికీలో నుంచి చాపిన లావుపాటి చెయ్యి, వేళ్ల మధ్య ఒక నల్లటి బ్యాటరీ. ఫోకస్ తిరుగులేకుండా కుదిరింది.

ఆమె తపాలా పెట్టె గట్టు మీద కూలబడింది. చెరిపేయాలనుకుని బొటనవేలు ఆ మీట మీద పెట్టి, అయిదు నిమిషాలు అలాగే కూచుంది. ఫోన్ మోగింది.

"వచ్చిందా?" అంది అక్క.

"వచ్చింది."

"ముందు నుంచేనా?"

"ముందు నుంచే."

"అయితే సరే," అంది అక్క.

*

పదో రోజు అక్క ఫోన్ చేసి, మేష్టారి ఇంటి పైకప్పు కారుతోందని, అది బాగుచేయకుండా అద్దెకు ఎవరూ రారని చెప్పింది. పదిహేనో రోజు వేరే సంగతి చెప్పింది.

"పక్కింట్లో పెళ్లే. వీళ్ల ఫొటోగ్రాఫర్ని చూడు, మనుషుల తలలన్నీ నరికేస్తాడు. పొట్టలే తీస్తాడు. ఊరంతా ఆల్బమ్‌లు చూశా. పొట్టలే."

"నీకెందుకు?"

"నాకెందుకేంటి. నేను తీశాను."

"నీ కెమెరా ఇక్కడుంది కదా."

"అతన్నే అడిగి తీసుకున్నా. వాడికీ విసుగొచ్చినట్టుంది, ఇచ్చేశాడు."

ఏప్రిల్ రెండో తారీఖు పెళ్లి చెల్లెలు ఒక్కతే చేసింది. మూడో పెళ్లికి ఒక కుర్రమనిషిని రెండో కెమెరాగా పెట్టుకుంది. అతను అందమైన వాళ్లని తప్ప తీయడు. తర్వాతి మనిషి అందర్నీ తీశాడు కానీ ముందు తిన్నాడు. ఆమె బ్యాటరీలు తనే నడుముకు కట్టుకోవడం నేర్చుకుంది. అయినా కుడిచెయ్యి వెనక్కి పోవడం మానలేదు. ఒకసారి ఒక పెళ్లిలో చెయ్యి చాపితే, అటుగా పోతున్న ఎవరో ముసలాయన అందులో మిఠాయి పెట్టాడు.

మేష్టారి ఊళ్లో అక్కకి వరసగా పెళ్లిళ్లు వచ్చాయి. పైకప్పు బాగైంది. ఇల్లు అద్దెకి ఇవ్వలేదు.

"ఇప్పుడు నువ్వు మొదటి కెమెరావన్నమాట," అంది చెల్లెలు ఫోనులో, మూతి ముడుచుకుని.

"మరే. బోర్డు కూడా పెట్టా."

"రెండో కెమెరా ఎవరు?"

"మీ బావ. క్లారినెట్ పక్కన పడేసి లైటు పట్టుకుంటున్నాడు. ఊపిరి బిగపట్టడం వచ్చు కదా, చెయ్యి వణకదు."

"ఎప్పుడొస్తావు?"

"ఈ సీజన్ అవనీ."

సీజన్ అయింది. ఇంకోటి వచ్చింది. నువ్వే రావే ఒకసారి, తొమ్మిది గంటలేగా, అనేది అక్క. చెల్లెలు వెళ్లలేదు. తను వెళ్తే ఇక తిరిగి రానక్కర్లేదని అక్క అనుకుంటుంది, అందుకే వెళ్లలేదు. వాళ్లకోసం మాట్లాడి ఉంచిన వెనక గదిని తాళాలవాడు ఇంకెవరికీ ఇవ్వకుండా చూసుకుంది. అక్క లెన్సు ప్రతి ఆదివారం తుడిచి పెట్టింది. నాలుగు సీజన్లు అలా గడిచాయి.

రెండో ఏడు చివర్లో ఒక పొద్దున మేష్టారు ఫోన్ చేశాడు. మూడు రోజుల జ్వరమని చెప్పాడు. ఆమె ఉన్నపళాన బయలుదేరింది. తొమ్మిది గంటల ప్రయాణం పది గంటలు పట్టింది. వెళ్లేసరికి అంత్యక్రియలతో సహా అన్నీ అయిపోయాయి.

ముందు గదిలో గోడకు మేకు కొట్టి ఉంది. దాని కింద కుర్చీ వీపుకి ఎర్రసంచి వేలాడుతోంది. విప్పి చూసింది. బ్యాటరీలు నాలుగు, నాలుగూ నిండా ఛార్జి చేసి ఉన్నాయి.

"మేకు ఇందాకే కొట్టించాను," అన్నాడు మేష్టారు. "ఫొటో మీ దగ్గర ఉంటుందనుకున్నా. మీరిద్దరూ ఎవర్నీ వదిలేవాళ్లు కాదుగా."

"మీ దగ్గర లేవా?"

"నా ఫోనులో ఉన్నవన్నీ నా బొటనవేలే. ఆవిడ తీసినవాటిలో ఆవిడ ఎలా ఉంటుంది."

ఆమె తెచ్చిన కంప్యూటరు తెరిచింది. ఇరవై రెండేళ్ల ఫొటోలూ వెతికారు ఇద్దరూ. మోచేతులు, వేళ్లు, అద్దంలో సగం మొహం, నేలమీద ఒక లావుపాటి నీడ. తర్వాత సంతకాల ఆఫీసు. తెరిచిన నోరు, చూపుతున్న వేలు, తెరిచిన నోరు. మేష్టారు రెండు మూడుచోట్ల నవ్వాడు. చివరికి గోడ దగ్గర నిలబడ్డ ఫొటో వచ్చింది. అక్క ఉండాల్సిన చోట నీలంగా ఒక మబ్బు. నవ్వుతోందని తెలుస్తోంది, అంతకన్నా ఏమీ తెలియడం లేదు. వెనక స్విచ్‌బోర్డు మాత్రం మరలతో సహా కనిపిస్తోంది.

మేష్టారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"స్విచ్‌బోర్డు బాగా వచ్చింది," అన్నాడు.

"కావాలనే చేశాను బావా," అంది ఆమె. ఆ మాట అనేసిందని ఆమెకు తర్వాత తెలిసింది.

ఆయన మీట నొక్కాడు. కారు వచ్చింది, వెనక నుంచి. పూలు, కిటికీ, చెయ్యి, బ్యాటరీ.

"అక్కకి ముందు నుంచి తీశానని చెప్పాను."

"తెలుసు. ఆవిడ పక్కద్దంలో చూస్తూనే ఉంది. మా చెల్లెలికి అబద్ధం చెప్పడం రాదు, పోన్లెండి, అంది." ఆయన ఆ చేతిని వేలితో ముట్టుకున్నాడు. "ఇది పెడదాం. ఇందులో ఆవిడ ఉంది."

మర్నాడు దాన్ని అచ్చు వేయించి, చట్రం కట్టించి, ఆ మేకుకి తగిలించారు. కింద తేదీ వేయాలి కదా అన్నాడు అచ్చువేసే అతను. ఆమె ఫైలులో చూసి చెప్పింది. ముందు రోజు గడియారం సరిచేసింది అక్కే కాబట్టి అందులో తప్పుండదు.

మార్చి పద్నాలుగు, శుక్రవారం, సాయంత్రం నాలుగూ పన్నెండుకి అక్క వెళ్లింది. తిరిగి రాలేదు.